ఫలకికల సంఖ్యయు స్వభావమును: స్త్రీ పురుష హృద్రోగులలో ఒక భేదము

వర్షఋతువు ప్రవేశించి, చిలకలగూడ, వారాసిగూడ, పద్మారావునగరము, మారేడుపల్లి వీధులలో నీరు నిలిచి, దోమలు ప్రబలిన నాటినుండి సికింద్రాబాదు నగరమందలి పెక్కు గృహములలో ఒకే ప్రశ్న వినవచ్చును: "ప్లేట్‌లెట్లు ఎంతున్నయి?" డెంగీ జ్వరపు భయముచేత ఈ మాట నేడు బడి ముఖమెరుగని ముదుసలి నోట సైతము పలుకుచున్నది. లక్షన్నర యున్నచో నిశ్చింత, యాభైవేలకు దిగినచో ఆందోళన, ఇరువదివేలకు పడినచో ఆసుపత్రి పరుగు. నడుమ బొప్పాయి ఆకు పసరు, పూటకొక రక్తపరీక్ష. ఈ విధముగా ప్లేట్‌లెట్లు, అనగా ఫలకికలు, లెక్కింపదగిన వస్తువులనియు, అవి ఎక్కువయున్న మేలనియు, తక్కువయున్న కీడనియు ఒక భావము ప్రజలలో స్థిరపడినది.

అయితే అదే ఊరిలో, ముషీరాబాదున పూర్వము కారాగారముండిన స్థలమున నడచుచున్న గాంధీ ఆసుపత్రి హృద్రోగ విభాగమునగాని, మరి యే గుండె ఆసుపత్రియందుగాని, వైద్యుడు ఫలకికలను గూర్చి తలపోయునది వేరొక ప్రశ్న. అవి ఎన్ని యున్నవని కాక, ఎంత త్వరగా రేగుచున్నవి, రేగిన పిదప ఎంత గట్టిగా గుమికూడుచున్నవి, మందు వేసిన పిమ్మట ఎంతవరకు శాంతించినవి అను విచారమే అచట ప్రధానము. ఈ స్వభావము మనుష్యునకును మనుష్యునకును భేదించును. విశేషించి స్త్రీ పురుషుల నడుమ ఒక చిన్న భేదము పెక్కు ప్రయోగములలో మరల మరల కానవచ్చుచున్నది. ఆ భేదమెట్టిది, దానినుండి మనము గ్రహింపవలసినదేమి, గ్రహింపరానిదేమి యని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

గాజుపలకపై ఫలకిక

రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించు విద్యలో సికింద్రాబాదునకు శాశ్వతస్థానము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రొనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తమును త్రాగిన దోమ యొక్క జఠరమున ఆ రోగమునకు మూలమైన జీవి కణములను కనుగొనెను; ఆయన పనిచేసిన భవనము నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెంది, ఆయన పేరుతోనే నిలిచియున్నది. ఇప్పటికిని మలేరియా కొరకు గాజుపలకపై రక్తపు పూత పూసి, రంగు వేసి పరిశీలించు విద్యార్థికి గురువులు చేయు హెచ్చరిక యొకటి గలదు: ఎఱ్ఱకణముపై ఏదైన నొక ఫలకిక వచ్చి వ్రాలినచో, అది మలేరియా పరాన్నజీవియే యని భ్రమ గొల్పును. తొందరపడక పరికించి చూచినచో ఆ ఊదారంగు చుక్క చుట్టును పలుచని తెల్లని వలయమొకటి కానవచ్చును; అది ఎఱ్ఱకణములోపలిది కాదు, దానిపై పడియున్న ఫలకిక యని ఆ వలయమే సాక్ష్యము చెప్పును.

ఈ ఫలకిక యొక్క వ్యాసము మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులు మాత్రమే. దీనికి కేంద్రకము లేదు. ఎముకల మూలుగలో మెగాకారియోసైటులను మహాకణములు కలవు. వాని దేహము తునుకలు తునుకలుగా విడివడి రక్తములో కలియగా ఫలకికలేర్పడుచున్నవి. ఇటలీ దేశమున ట్యూరిన్ నగరవాసియగు జూలియో బిజ్జొజెరో 1882 ప్రాంతమున, సజీవ జంతువుల సన్నని రక్తనాళములను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, నాళమునకు గాయమైనచోట మొట్టమొదట వచ్చి అంటుకొనునవి ఈ ఫలకికలే యని నిరూపించెను. ఆరోగ్యవంతుని రక్తములో ఘన మిల్లీమీటరునకు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ఇవి ఉండును. ఒక్కొక్కటి వారము పది దినములు మాత్రము జీవించును. నశించిన వానికి మారుగా మన శరీరము దినమునకు పదివేల కోట్ల మేరకు క్రొత్త ఫలకికలను సృజించుకొనుచున్నది.

నాళము లోపలి పొర చెక్కుచెదరక యున్నంత కాలము ఫలకికలు శాంతముగా ప్రవాహములో కొట్టుకొనిపోవును. ఆ పొర చిరిగి, దాని క్రిందనున్న కొల్లాజెన్ అను పీచుపదార్థము రక్తమునకు బయలుపడిన తోడనే, దాపున పోవు ఫలకికలు దానిని పట్టుకొని, తమ గుండ్రని రూపము వదలి, కొమ్మలవంటి పొడుగుచేతులను చాచి, తమ కడుపులో దాచుకొనిన రేణువులను వెలిగ్రక్కును. ఆ రేణువులలోని ఏడీపీ యను పదార్థమును, అప్పటికప్పుడు తయారగు త్రాంబాక్సేన్ అను మరియొక పదార్థమును తక్కిన ఫలకికలకు పిలుపు పంపును. ఆ పిలుపు నందుకొనిన ప్రతి ఫలకికయు తన పై పొరమీది ఒక ప్రత్యేక గ్రాహకమును విప్పి, ప్లాస్మాలోని ఫైబ్రినోజెన్ పోగును పట్టుకొనును. ఆ పోగు రెండవ కొనను మరియొక ఫలకిక పట్టుకొనును. ఈ విధముగా క్షణములలో గాయము పూడి, నెత్తురు నిలుచును. కూరగాయలు తరుగుచు వ్రేలు కోసికొనిన గృహిణిని రక్షించునదియు ఇదియే. హృదయ ధమనిలో పేరుకొనిన క్రొవ్వుపూత పగిలినప్పుడు, దానిని సైతము గాయమే యని తలచి, దానిపై గుమికూడి, ధమనిని మూసివేసి గుండెపోటు కలిగించునదియు ఇదియే. ఫలకిక తన ధర్మమును తప్పుటలేదు. అది ఆ ధర్మమును నెరవేర్చు స్థలమే ప్రాణాపాయకరమైనది.

భీమవరము నుండి బోస్టను వరకు

ఏడీపీ యను పదార్థము తెలుగువారికి పరాయిది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి కండరములను పరిశోధించుచు, సకల జీవకణములకును శక్తినిచ్చు ఏటీపీ యను పదార్థమును 1929లో ప్రకటించెను. అదే సంవత్సరమున జర్మనీ దేశమున కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. ఏటీపీలోని మూడు ఫాస్ఫేటులలో ఒకటి విడిపోగా మిగిలినదే ఏడీపీ. కండరములో శక్తి వ్యయమునకు చిహ్నమైన ఈ పదార్థమే రక్తములో ఫలకికలకు సమీకరణ సంకేతమగునని 1961లో నార్వే శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఆ సంకేతము నందుకొనుటకు ఫలకికపై రెండు వేర్వేరు గ్రాహకములు కలవనియు, ఆ రెండును ఒక్కుమ్మడి మేలుకొనిననే గాని ఫలకికలు గుమికూడవనియు 1998లో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమునకు చెందిన సత్య కూనపులియు ఆయన సహచరులును నిరూపించిరి. ఈనాడు గుండెకు స్టెంటు వేయించుకొనిన వారు వాడు క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ అను మందులన్నియు ఆ రెండింటిలో ఒకదానిని మూసివేయునవియే.

అంతకంటె పాతదైన ఆస్పిరిన్ వేరొక ద్వారమును మూయును. అది త్రాంబాక్సేను తయారుచేయు ఎంజైమును శాశ్వతముగా చెరచును; కేంద్రకము లేని ఫలకిక క్రొత్త ఎంజైమును నిర్మించుకొనజాలదు గనుక, ఒక్క చిన్న మాత్ర ఆ ఫలకిక జీవితాంతము పనిచేయును. ప్రజలు "రక్తం పలుచబడే గోలీ" యని వ్యవహరించునది దీనినే. కాని యథార్థమునకు రక్తము పలుచబడదు, ఫలకికల ఆవేశము మాత్రమే తగ్గును. 1988లో ప్రకటింపబడిన ఐసిస్-2 పరిశోధనలో 17,187 మంది గుండెపోటు రోగులు పాల్గొనగా, నెలదినములు ఆస్పిరిన్ తీసికొనిన వారిలో హృదయ, రక్తనాళ సంబంధ మరణములు నూటికి 23 వంతులు తగ్గెను. ఇంత చౌకయైన మందు ఇంత ఉపకారము చేయుట వైద్యచరిత్రలో అరుదు. హైదరాబాదు నగరమున అబ్దుల్ కలాం గారును, హృద్రోగ నిపుణులు సోమరాజు గారును కలసి 1998లో స్వదేశీ స్టెంటును రూపొందించిన కాలము నుండి మన జంటనగరములలో స్టెంటు చికిత్స సామాన్యులకు సైతము పరిచితమైనది. స్టెంటు వేసిన ప్రతివానికిని కొంతకాలము ఆస్పిరినుతోపాటు రెండవ ఫలకిక నిరోధక మందును వాడుట విధిగా నున్నది.

భేదమును కొలుచుట

ఫలకికల చైతన్యమును కొలుచు సాధనమును 1962లో లండనున గుస్టావ్ బోర్న్ కల్పించెను. ఈయన తండ్రి సుప్రసిద్ధ భౌతిక శాస్త్రజ్ఞుడు మాక్స్ బోర్న్. ఆయన 1935-36లో బెంగుళూరు విజ్ఞానమందిరమున కొన్ని మాసములు ఉండెను. పరికరము సులభమైనది. ఎఱ్ఱకణములను వేరుచేసి, ఫలకికలతో కూడిన ప్లాస్మాను ఒక గాజుగొట్టములో నుంచి, దానిగుండ వెలుగును పంపుదురు. ఫలకికలు విడివిడిగా తేలుచున్నంత సేపు ద్రవము మసకగా నుండి వెలుగును అడ్డగించును. ఏడీపీని ఒక చుక్క కలిపినంతనే, పాలు విరిగినప్పుడు విరుగు ఒక ప్రక్కను, తేట నీరు ఒక ప్రక్కను ఏర్పడినట్లు, ఫలకికలు ముద్దగట్టి ద్రవము తేటపడును, వెలుగు సాగిపోవును. ఆ వెలుగు పెరుగుదలయే ఫలకికల చైతన్యమునకు కొలమానము.

ఇట్టి కొలతలలో స్త్రీల ఫలకికలు పురుషుల ఫలకికలకంటె కొంచెము సంఖ్యాధికములును, ప్రేరేపించినప్పుడు కొంచెము త్వరగా రేగునవియును అని తేలినది. దీనిని విపులముగా పరిశీలించిన పరిశోధన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున డయాన్ బెకర్ నాయకత్వమున జరిగి, 2006లో ప్రకటింపబడినది. కుటుంబమున గుండెజబ్బు చరిత్రగలిగి, తాము మాత్రము ఆరోగ్యముగా నున్న 571 మంది పురుషులకును, 711 మంది స్త్రీలకును రెండు వారములపాటు దినమునకు 81 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి, ముందును వెనుకను వారి ఫలకికలను పరీక్షించిరి. మందుకు ముందు పెక్కు పరీక్షలలో స్త్రీల ఫలకికలే అధిక చైతన్యముతో నుండెను. ఆస్పిరిన్ నేరుగా పట్టు ఎంజైము మార్గము ఇరువురిలోను దాదాపు పూర్తిగా మూతపడెను. ఇతర మార్గములలో సైతము స్త్రీలకు పురుషులతో సమానముగనో, అంతకంటె ఎక్కువగనో తగ్గుదల కలిగెను. అయినను మొదటి నుండియు హెచ్చుగా నుండుటచేత, చివరకు మిగిలిన చైతన్యము స్త్రీలలోనే కొంచెము ఎక్కువగా కనబడెను. హృద్రోగము వచ్చి, స్టెంటు వేయించుకొని, క్లోపిడోగ్రెల్ వాడుచున్న రోగులలో జరిగిన పలు పరిశీలనలలోను ఇట్టి పోకడయే కానవచ్చినది.

ఈ భేదమునకు కారణము ఒక్కటి కాదు. ఫలకికలపై స్త్రీ పురుష హార్మోనులు రెండును పనిచేయుచున్నవి. ఈస్ట్రోజెన్ నాళము లోపలి పొరచేత నైట్రిక్ ఆక్సైడును, ప్రోస్టాసైక్లినును విడుదల చేయించి ఫలకికలను సాధారణముగా శాంతపరచును. పురుష హార్మోనైన టెస్టోస్టెరోను ఇందుకు భిన్నము: ఆరోగ్యవంతులగు పురుషులకు ఆ హార్మోనును సూదిమందుగా ఇచ్చినప్పుడు వారి ఫలకికలపై త్రాంబాక్సేన్ గ్రాహకములు పెరిగి, గుమికూడు గుణమధికమైనట్లు 1995లో ప్రకటింపబడిన యొక ప్రయోగము తెలిపినది. అట్లయిన పురుషుల ఫలకికలే ఎక్కువ రేగవలెను గదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న సమంజసమే. హార్మోనులు మాత్రమే ఈ భేదమును నిర్ణయించునవైనచో ఫలితము మరియొక తీరుగా నుండెడిది. కాని వానితోపాటు ఫలకికల సంఖ్య, వాని గ్రాహకముల చురుకుదనము, మధుమేహము, రక్తములోని ఎఱ్ఱకణముల పాలు, రోగి వయస్సు మొదలగునవి అన్నియు చేరి ఫలితమును నిర్ణయించుచున్నవి.

వీనిలో ఎఱ్ఱకణముల పాలు మన ప్రాంతమున ప్రత్యేకముగా గమనింపదగినది. స్త్రీల రక్తములో ఎఱ్ఱకణములు సహజముగనే పురుషులలోకంటె తక్కువ. రక్తహీనత యున్నచో మరింత తక్కువ. నేడు ఆసుపత్రులలో వాడు త్వరిత పరీక్షలలో కొన్ని, సంపూర్ణ రక్తమునే తీసికొని కొలుచునవి గనుక, ఎఱ్ఱకణములు తగ్గినచోట ఫలకికల చైతన్యము ఉన్నదానికంటె హెచ్చుగా కనబడవచ్చును. అంతేగాక ఇనుము లోపించినప్పుడు ఫలకికల సంఖ్యయే పెరుగుట కలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో సగమునకు మించినవారు రక్తహీనులు. కావున మన స్త్రీలలో కొలిచిన భేదమున ఎంతపాలు స్త్రీత్వమువలన, ఎంతపాలు పోషకాహార లోపమువలన కలిగినదో వేరుచేసి చూడక, ఐరోపా, అమెరికా లెక్కలను యథాతథముగా ఇచటికి తెచ్చికొనుట యుక్తము కాదు.

పురుషుల రక్తముతో రచింపబడిన శాస్త్రము

ఆస్పిరిన్ చరిత్రను మొదటినుండి చదివినచో ఒక విషయము స్పష్టముగా కనబడును. 1950 ప్రాంతమున కాలిఫోర్నియాలోని గ్లెండేల్ పట్టణమున లారెన్స్ క్రేవెన్ అను సామాన్య వైద్యుడు గుండెపోటును నివారించుటకు ఆస్పిరినును వాడి చూచెను. ఆయన మందిచ్చిన వేలాది మందియు పురుషులే. 1978లో కెనడా దేశమున పక్షవాతపు ముంగుర్తులు కనబడిన 585 మందిపై జరిగిన పరిశోధనలో ఆస్పిరిన్ వలన పురుషులకు లాభము కలిగినదనియు, స్త్రీలకు కలుగలేదనియు ప్రకటించిరి. నిజమునకు ఆ పరిశోధనలోని స్త్రీల సంఖ్య చిన్నది. లాభమున్నను బయటపడుటకు అది చాలదు. అయినను 1980లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ ప్రయోజనమునకై ఆస్పిరినును పురుషులకు మాత్రమే అనుమతించెను. ఆ అనుమతి స్త్రీలకు కూడ వర్తించునని ప్రకటించుటకు 1998 వరకు పట్టెను. అనగా పదునెనిమిది సంవత్సరములు చాలీచాలని లెక్క యొకటి స్త్రీలకు అడ్డుగోడయై నిలిచినది.

ఈ నడుమ 22,071 మంది పురుష వైద్యులే పాల్గొనగా 1989లో వెలువడిన పరిశోధన, ఆరోగ్యవంతులలో తొలి గుండెపోటును ఆస్పిరిన్ నూటికి 44 వంతులు తగ్గించునని చెప్పెను. స్త్రీలపై ఇట్టి పెద్ద పరిశోధన ఫలితము 2005 వరకు రాలేదు. అందు 39,876 మంది స్త్రీలు పదేండ్లపాటు దినము విడిచి దినము 100 మిల్లీగ్రాముల ఆస్పిరినునో, వట్టి మాత్రనో తీసికొనిరి. వారిలో పక్షవాతము నూటికి 17 వంతులు తగ్గెను గాని, గుండెపోటు మొత్తముమీద తగ్గలేదు. 65 ఏండ్లు పైబడిన వారిలో మాత్రము తగ్గుదల కనబడెను. దీనిని చూచి కొందరు "స్త్రీల గుండెకు ఆస్పిరిన్ పనిచేయదు" అని తీర్మానించిరి.

ఆ తీర్మానము తప్పు. ఇప్పుడు చెప్పిన ఈ రెండు పెద్ద పరిశోధనలును ఆరోగ్యవంతులపై జరిగినవి. ఆరోగ్యవంతులకు ఆస్పిరిన్ వలన కలుగు లాభము స్వల్పమనియు, రక్తస్రావపు ముప్పు దానికి దాదాపు సరితూగుననియు తరువాతి పరిశోధనలు తెలిపినవి. కాని గుండెపోటుగాని పక్షవాతముగాని ఒకసారి వచ్చిన వారి మాట వేరు. అట్టి రోగులపై జరిగిన పరిశోధనలన్నిటిని ఒకచోట చేర్చి 2009లో లెక్కగట్టగా, ఆస్పిరిన్ మరల వచ్చు ప్రమాదమును సుమారు అయిదవవంతు తగ్గించుననియు, ఈ లాభము స్త్రీలకును పురుషులకును సమానమే ననియు తేలినది. క్లోపిడోగ్రెలును గూర్చి దాదాపు 80,000 మంది రోగుల వివరములతో అదే సంవత్సరము వెలువడిన సంకలనములో లాభము పురుషులకు కొంచెము హెచ్చుగా, స్త్రీలకు కొంచెము తక్కువగా కనబడినను, ఆ తారతమ్యము యాదృచ్ఛికమై యుండవచ్చునంత చిన్నదని గణితము తీర్పు చెప్పినది. గాజుగొట్టములో కనబడిన భేదము రోగి బ్రతుకులో అదే పాళ్ళలో కనబడవలెనను నియమము లేదు.

కొలత తప్పినచోట

ఈ సత్యమును మరింత తేటతెల్లము చేయు ఉదాహరణ యొకటి గలదు. ఫలకికలు ఫైబ్రినోజెనును పట్టుకొను గ్రాహకమునే మూసివేయు బలమైన సూదిమందులు 1990 దశకమున వాడుకకు వచ్చెను. 31,402 మంది రోగుల వివరములను సమీకరించి 2002లో లెక్కగట్టగా, ఈ మందువలన పురుషులకు ప్రమాదము నూటికి 19 వంతులు తగ్గగా, స్త్రీలకు 15 వంతులు పెరిగినట్లు కనబడెను. ఆశ్చర్యకరమైన ఈ ఫలితముతో ఆగక, పరిశోధకులు రోగులను ట్రోపోనిన్ పరీక్ష ననుసరించి మరల విభజించిరి. గుండె కండరము నిజముగా దెబ్బతిన్నప్పుడు రక్తములోనికి వచ్చు పదార్థము ట్రోపోనిన్. అది హెచ్చుగా నున్న స్త్రీలకు మందువలన పురుషులతో సమానముగనే మేలు కలిగినదని, వెనుక కనబడిన భేదము మాయమైనదని తేలెను. స్త్రీలలో పెక్కుమందికి ఆ మందు అవసరమగు రోగమే లేదు. ఐనను వారికి మందు పడినది. మేలు లేక కీడు మాత్రము మిగిలినది. దోషము స్త్రీల రక్తములో లేదు, రోగనిర్ణయములో నున్నది.

మోతాదు విషయమునను ఇట్లే. అమెరికా ఆసుపత్రులలో ఈ మందు పొందిన రోగులను గూర్చి 2006లో వెలువడిన పరిశీలనలో, స్త్రీలలో దాదాపు సగము మందికి వలసిన దానికంటె ఎక్కువ మోతాదు పడినదనియు, స్త్రీలలో కలిగిన తీవ్ర రక్తస్రావములలో నాలుగవవంతునకు ఈ అతిమోతాదే కారణమై యుండవచ్చుననియు తేలినది. ఇందలి మర్మము సులభముగా తెలియును. డెబ్బది యేండ్లు పైబడి, నలుబదియైదు కిలోల బరువు మాత్రముండు ఒక వృద్ధురాలిని తలచుకొనుడు. ఆమె రక్తములో క్రియాటినిన్ 1.0 అని పరీక్షాపత్రము చెప్పును; చూచుటకది సహజమైన సంఖ్య. కాని వయస్సును, బరువును, స్త్రీయను విషయమును లెక్కలో చేర్చి మూత్రపిండముల వడపోత శక్తిని గణించినచో, అది బలిష్ఠుడగు యువకుని శక్తిలో సగమునకు కూడ తక్కువయై యుండును. ఆ గణన చేయక అందరికిని ఒకే మోతాదు వేసినచో, మందు ఆమె దేహమున నిలిచిపోయి నెత్తురు కారును. ఆమె బరువును తూచి, ఆ లెక్క కట్టుటకు పట్టునది రెండు నిమిషములు.

స్త్రీల గుండెపోటు తీరు సైతము కొన్నియెడల వేరుగా నుండును. పురుషులలో క్రొవ్వుపూత పగిలి గడ్డకట్టుట మిక్కుటము. స్త్రీలలో, అందును వయస్సు తక్కువైన వారిలో, పూత పగులకయే దాని పైపొర అరిగిపోయి, ఆ అరుగుడుపై ఫలకికలు చేరి గడ్డకట్టుట ఎక్కువగా కానవచ్చును. ఆంజియోగ్రామ్ తీసినప్పుడు పెద్ద అడ్డులేవియు కనబడని గుండెపోట్లు కూడ స్త్రీలలోనే అధికము. "ఆంజియోగ్రామ్‌లో ఏమీ లేదమ్మా" అని వారిని ఇంటికి పంపుట వలన, నిజముగా గుండెపోటు వచ్చిన స్త్రీ మందులు లేకయే మిగిలిపోవును. నాళము లోపలి ప్రతిబింబమును, గుండె ఎంఆర్‌ఐని కలిపి 2021లో ప్రచురింపబడిన పరిశోధన, ఇట్టి స్త్రీలలో నూటికి దాదాపు 85 మందికి కారణమును కనుగొనుట సాధ్యమని నిరూపించినది. ముట్లుడిగిన పిదప ఈస్ట్రోజెనును మందుగా ఇచ్చినచో గుండె కాపాడబడునను ఆశ కూడ ఫలింపలేదు: గుండెజబ్బుగల 2,763 మంది స్త్రీలపై 1998లో ప్రకటింపబడిన పరిశోధనలో మొత్తముమీద లాభము కలుగకపోగా, మొదటి సంవత్సరమున ప్రమాదమధికమైనది, సిరలలో గడ్డలు పెరిగినవి.

మన ఇండ్లలో

ఈ విషయము మనకు దూరపు ముచ్చట కాదు. 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధన ప్రకారము దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు ఇతరులకంటె దాదాపు ఆరేండ్ల ముందుగా వచ్చుచున్నది. ప్రపంచమంతట స్త్రీలకు పురుషులకంటె సుమారు తొమ్మిదేండ్లు ఆలస్యముగా వచ్చుచున్నది. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04లో మరణకారణములను పరిశోధింపగా, మరణములలో దాదాపు మూడవవంతునకు హృదయ, రక్తనాళ రోగములే కారణమని తేలినది. క్లోపిడోగ్రెలును దేహములో పనికివచ్చు రూపమునకు మార్చు ఎంజైము మందగించియుండు జన్యులక్షణము దక్షిణాసియా వారిలో ఐరోపా వారికంటె ఎక్కువ. వీనికి తోడు రక్తహీనత, మధుమేహము, సన్నని దేహము. ఇన్నియు కలసిన తెలుగు స్త్రీ రక్తములో ఫలకికలు ఎట్లు నడచుకొనునో విదేశీ పరిశోధనలు పూర్తిగా చెప్పజాలవు.

అయితే రక్తములోని భేదమునకంటె పెద్ద భేదము ఇంటిలో నున్నది. ఛాతినొప్పి స్త్రీ పురుషులిరువురిలోను ప్రధాన లక్షణమే. స్త్రీలలో దానితోపాటు ఆయాసము, వికారము, వీపునను దవడయందును నొప్పి, చెప్పరాని నీరసము మరింత తరచుగా నుండును. ఇవి వచ్చినప్పుడు "గ్యాస్ పట్టేసినట్టుంది, సోడా తాగి పండుకో" అను సలహా భర్త ఇచ్చును, అత్త ఇచ్చును, తనకు తానే ఇచ్చుకొనును. అన్నము వార్చి, పిల్లలను బడికి పంపి, ఆపైన చూతమనుకొనును. గుండె కండరము నిముషనిముషమునకు చచ్చిపోవుచున్న వేళ ఈ ఓర్పు ఎవరికిని మేలు చేయదు. ఉచిత చికిత్సకై 2007లో ప్రారంభింపబడిన ఆరోగ్యశ్రీ పథకమందలి 2008-2012 నాటి వివరములను పరిశీలించిన వారికి, చికిత్సలలోను, వానికై వెచ్చించిన ధనములోను స్త్రీల వాటా సగమునకు తక్కువగనే కనబడినది. రుసుము లేనిచోట సైతము ఆమె వెనుకబడియున్నదన్నచో, అడ్డు రూకలలో మాత్రమే లేదని తెలియుచున్నది.

కావున పాఠకులు ఆచరణలో గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. గుండెపోటు వచ్చిన స్త్రీకి ఫలకిక నిరోధక మందులు పురుషునకు వలెనే అవసరము. "ఆడవారికి అంతగా పనిచేయదట" అను మాట నమ్మి మానరాదు. స్టెంటు వేయించుకొనిన పిమ్మట, పండ్లు తీయించుకొనుటకో, వ్రతమనియో, ఖర్చనియో వైద్యుని అడుగక మందు ఆపినచో, స్టెంటులోనే గడ్డకట్టి ప్రాణము మీదికి రావచ్చును. ఈ మందులు వాడు స్త్రీకి నెలసరి రక్తస్రావము హెచ్చినచో, మలము నల్లబడినచో, ఒంటిపై కమిలిన మచ్చలు కనబడినచో, సిగ్గుచేత దాచక వైద్యునితో చెప్పవలెను. మందు మానకయే సరిదిద్దు ఉపాయములు వైద్యులకు తెలియును. రక్తహీనత యున్నచో దానికి కూడ చికిత్స జరుగవలెను. ఏ జబ్బును లేనివారు ఇరుగుపొరుగు మాట విని ఆస్పిరినును తమంత తామే ప్రారంభింపరాదు. డెంగీ సోకినప్పుడు జ్వరమునకై ఆస్పిరినును ఎన్నడును వేసికొనరాదు. గుండె కొరకు నిత్యము దానిని వాడువారు డెంగీ యని అనుమానము కలిగిన నాడే వైద్యుని సంప్రదించి, కొనసాగించుటయో, కొలదిదినములు ఆపుటయో ఆయన నిర్ణయమునకు వదలవలెను.

వైద్యులును, పరిశోధకులును చేయవలసినది ఇంకను పెద్దది. ఫలకికల భేదమును గూర్చి యాభై యేండ్ల విజ్ఞానము మనకు నేర్పిన పాఠము, స్త్రీకి మందు తగ్గింపుమని కాదు, హెచ్చింపుమనియు కాదు. ఆమె బరువును, వయస్సును, మూత్రపిండముల శక్తిని, రక్తహీనతను, రోగము యొక్క నిజస్వరూపమును ఎరిగి, ఆమెకు తగినదానిని సకాలమున ఇమ్మని మాత్రమే. ఆమెను లెక్కలో చేర్చని పరిశోధన ఆమెను గూర్చి ఏమియు చెప్పలేదు; చెప్పినట్లు నటించినప్పుడెల్ల నష్టపడినది ఆమెయే. జంటనగరములలో హృద్రోగులు వేల సంఖ్యలో చేరు ఆసుపత్రులు కలవు, ఫలకికలను కొలుచు పరికరములు కలవు, శిక్షితులగు వైద్యులు కలరు. ఇక్కడ మొదలగు ప్రతి హృద్రోగ పరిశోధనయందును తెలుగు స్త్రీలు తగిన సంఖ్యలో చేర్చబడవలెను. స్త్రీల ఫలితము, పురుషుల ఫలితము వేరువేరుగా ప్రకటింపబడవలెను. వార్డులో ప్రతి స్త్రీ చీటిపైనను ఆమె బరువును, మూత్రపిండముల శక్తిని లెక్కగట్టి వ్రాసిన పిదపనే మోతాదు వ్రాయబడవలెను. దీనికి క్రొత్త మందు అక్కరలేదు, క్రొత్త యంత్రము అక్కరలేదు. ఇది రేపటి ఉదయము నుండియే ఆచరింపదగిన పని.